నంబరు కలవని సిలిండర్

మిట్టమధ్యాహ్నం పన్నెండు! నడినెత్తిన మండాల్సిన సూర్యుణ్ణి కారుమేఘాలు మింగేశాయి... ఫెళఫెళమని పిడుగు! పట్టపగలు గుడ్లగూబ కూసిందంటే ఎవరికో మూడిందన్నమాటే!

అది పాత రివాల్వర్లు బాగుచేసే దుకాణం. మేస్త్రి పనిబల్ల మీద ఆకురాళ్ల మధ్య ఒక కపాలం... దాని ముందు జుట్టు విరబోసుకొని, కళ్లు తేలేసి ఊగుతున్న మేస్త్రి చెల్లెలు! మూడు రోజులుగా ఆమె గొంతులో అరుస్తున్నది ఎదురుగా నిలబడ్డ మాంత్రికుడు ప్రయోగించిన పిశాచం.

"నూరేళ్ల కిందట ఒక మహా ఉపాసకుణ్ణి బలిగొన్న రివాల్వర్ ఇది. అతడి ప్రేతం ఇందులోనే ఉంది. ఇది అసలుదో కాదో తేల్చు. ప్రేతం నాకు వశమైతే నీ చెల్లెల్ని వదిలేస్తా. లేదా... సాయంత్రానికి శవం!" రివాల్వర్‌ని బల్ల మీద పడేసి గర్జించాడు మాంత్రికుడు.

మేస్త్రి రివాల్వర్‌ని చేతిలోకి తీసుకున్నాడు. పిడిచెక్కలు విప్పాడు. చట్రం మీద 417. గొట్టం అడుగున 417. తుప్పు వదిలిస్తానని మాంత్రికుడు మూర్ఖంగా ఉప్పుకాగితంతో రుద్ది, పాత నల్లపూతంతా ఊడగొట్టాడు. ఇక తూటాలు పెట్టే సిలిండర్... వెనకవైపు 902! అంచున గాడులూ వేరే తరహావే.

"అయ్యా, ఈ సిలిండర్ దీనిది కాదు. ఎక్కడిది?"

"అసలుది పగిలింది. మా గురువు రివాల్వర్‌ది తీసి బిగించా. ఆ గురువు ముసలాణ్ణి కాల్చింది కూడా ఆ రివాల్వర్‌తోనే! ఇనుము ఇనుమేగా!"

"తూటా కూర్చునేది సిలిండర్‌లోనే కదయ్యా! ప్రేతమంటూ ఉంటే అందులోనే... పిలవకండి, మీ కాళ్లు పట్టుకుంటా! నా చెల్లి తట్టుకోలేదు!"

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది! నాకే నేర్పుతావురా?"

మాంత్రికుడు ఇనుము మీద నెత్తురు చిలకరించాడు. బీజాక్షరాలు ఘూర్ణిల్లాయి... కపాలం కళ్లలో నీలిజ్వాలలు! చెల్లెలి ఊగుడు ఠక్కున ఆగిపోయింది. ఆమె గొంతులోంచి ఒక వృద్ధుడి మాట వినిపించింది.

"పిలిచావా... శిష్యా?"

మాంత్రికుడి మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "గురుదేవా! క్షమించు!"

"విద్య ఇచ్చింది నేనే... ప్రాణం తీసుకునేదీ నేనే!"

బల్ల మీది రివాల్వర్ దానంతటదే తిరిగింది. ఒక్క తూటా లేని సిలిండర్ ఆరుసార్లు పేలింది! దిక్కులు పిక్కటిల్లే ఒక ఆర్తనాదం... మాంత్రికుడు నిలువునా బూడిదై రాలాడు. కపాలం పిండి పిండైంది.

కూలబోతున్న చెల్లెల్ని మేస్త్రి ఒడిసిపట్టుకున్నాడు. ఒళ్లంతా మంచుగడ్డ. ఊపిరి లేదేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఆపుకోలేక బావురుమన్నాడు. అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. పీలగా, బొంగురుగా... తన సొంత గొంతే!

"అన్నయ్యా... ఏడవకు. నేనే."