పంతొమ్మిది నిమిషాల దూరం

2094లో భీమిలి ఆకాశరేవు నుంచి చిలీలోని శాంటియాగోకు పంతొమ్మిది నిమిషాల ప్రయాణం. మ్యాపులో దూరం మాత్రం తగ్గలేదు, అదే పదహారు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు. ఒకప్పుడు రెండు విమానాలు మారి, కాళ్ళు వాచి, ముప్పై గంటలకు చేరేవారు. ఇప్పుడు విమానం సముద్రం మీదికి వెళ్ళగానే ముందున్న స్పేస్‌ను ఒక యంత్రం చీర కుచ్చిళ్ళలా మడతపెడుతుంది. విమానం ఆ అంచుల మీదుగా దాటిపోతుంది. దీన్ని దారిమడత అంటారు. కనిపెట్టినవాడిగా పుస్తకాలకెక్కింది డాక్టర్ గౌరునాయుడు.

ఇక చుట్టాలూ స్నేహితులూ ఒకరింట్లో ఒకరు కాపురం పెట్టేస్తారని అందరూ అనుకున్నారు. ఎక్కడ, సగం సీట్లు ఖాళీ. "అంత దూరం ఏం వస్తాంలే" అనే మాట చెల్లకుండా పోయాక జనానికి ఊపిరాడలేదు. అది కనిపెట్టి విమాన సంస్థ 'దారిమూత కబురు' అమ్మడం మొదలుపెట్టింది. ఆ రోజు మడత తెరుచుకోలేదని సంస్థ పేరుతో అవతలివాళ్ళకు ఓ అబద్ధం వెళుతుంది. పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ టిక్కెట్ల కంటే ఇవే ఎక్కువ పోయేవి. గౌరునాయుడు సభల్లో ఈ జనాన్ని చెడామడా తిట్టేవాడు.

ఆ ఉదయం శాంటియాగో నుంచి అతని పాత స్నేహితుడు మోషే భార్య ఎస్తేరు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మోషేకి ఇంక నాలుగు రోజులే అన్నారు డాక్టర్లు. మిమ్మల్ని ఒక్కపాలి చూడాలని ఒకటే కలవరింత. సాయంత్రానికి వచ్చీగలరా?"

"వస్తానమ్మా" అన్నాడు.

ఆ మడత లెక్క మోషేది. పదకొండేళ్ళు ఒకే గదిలో, ఒకే క్యారియర్‌లో అన్నం తిని చేసిన పని. తీరా పేటెంట్ కాగితం మీద రెండో పేరు రాయాల్సిన చోట గౌరునాయుడి చెయ్యి ఆగిపోయింది. మోషే ఒక్క మాట అడగకుండా శాంటియాగోలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే ఈ పదిహేనేళ్ళూ కొంత తేలిగ్గా ఉండేది.

సాయంత్రం గౌరునాయుడు విమానం తలుపు దాకా వెళ్ళాడు. ఎక్కకుండా, పక్కనున్న కబుర్లమ్మే యంత్రం దగ్గరికి నడిచాడు.

"ఓ కబురు పంపాలి" అన్నాడు గొంతు తగ్గించి.

"మడత తెరుచుకోలేదనా, డాక్టర్‌గారూ?" అని మర్యాదగా అడిగింది యంత్రం.

"ఊఁ."

"ఎవరికి?"

చెప్పాడు.

"అందిందండి."

అప్పుడే వచ్చిన విమానంలోంచి జనం దిగుతున్నారు. వాళ్ళలో చక్రాల కుర్చీ తోసుకుంటూ ఎస్తేరు. ఫోన్ చూసుకుని, తలెత్తి అతన్ని చూసింది.

"దారి మూసీసారంట అన్నయ్యా" అంది.

కుర్చీలో మోషే చెయ్యి చాచాడు. "నువ్వు రాలేవని నాకు తెలుసురా గౌరూ. అందుకే నేనే వచ్చీసినాను. బాగుందిరా నీ దారి."

'నాది కాదురా, నీది' అనాలి. మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ చుట్టూ జనం అతన్ని గుర్తుపట్టి ఫోన్లు పైకెత్తారు.

"అవునురా" అన్నాడు గౌరునాయుడు. "చాలా కష్టపడ్డాను."

ఆ తర్వాత మోషే మొహం వంక చూడలేకపోయాడు.