నలభై ఒకటో నంబరు ఇంట్లో ఆగని పాట

ఇంగ్లండులోని లీడ్స్‌లో కార్ట్‌మెల్ వీధి పేరెత్తితే ట్యాక్సీవాళ్ళు కూడా మొహం తిప్పేసుకునేవారట. వీధిలో తప్పేమీ లేదు — తప్పంతా నలభై ఒకటో నంబరు ఇంటిది.

ఎర్ర ఇటుకల ఇళ్ళు, గోడకు గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. నలభై ఒకటో ఇంటి కిటికీలకు చెక్కలు కొట్టేశారు. లోపల మనిషి లేడు, దీపం లేదు. కానీ పొద్దుగూకితే ఎవరో అడుగులేస్తారు... ధడ్, ధడ్... ధధడ్. ఆ అడుగుల మీద ఒక ఆడగొంతు, చెవిలో చెప్పినట్టు అడుగుతుంది —

"ఎవరిదీ ఇల్లు...? ఎవరిదీ ఇల్లు...?"

పాలవాడు సీసాల బండి అక్కడే వదిలి పరుగెత్తాడట. ఒక పోలీసాయన టోపీ తీసి, "నాది కాదండీ" అని జవాబు చెప్పి మరీ కదిలాడట.

ఎన్నేళ్ళుగానో ఆ వైపు తొంగిచూడని డెనీస్ హార్‌గ్రీవ్, చేపల వేపుడు కొట్టు దగ్గర వరసలో నిలబడి ఈ ముచ్చట వింది. విన్నవాళ్ళందరూ అమ్మో అనుకున్నారు. ఆమె చేతిలో పొట్లం మాత్రం జారి కింద పడింది.

ఆ మాటలు ఆమెవే. ఆ గొంతూ ఆమెదే.

ఇప్పుడంటే బడి వంటశాలలో పిల్లలకు వడ్డించే మనిషి గానీ, పదిహేనేళ్ళ కిందట ఆ ఖాళీ ఇంటి తాళం విరగ్గొట్టి కాపురం పెట్టిన అయిదుగురిలో ఆమె ఒకతె. 'ఆఖరి నోటీసు' అని బ్యాండు కట్టారు. ఇంటి యజమానుల మీద నిప్పులు చెరిగే మాటలు, పైన రంపపుకోత లాంటి గిటారు, కింద నడుం నిలవనియ్యని ఫంక్ దరువు. డ్రమ్స్ డెనీస్‌వి. ఒకే ఒక్క రికార్డు వేశారు, మూడు వందల కాపీలు.

వాళ్ళకు దేనికైనా ఓటు పెట్టడం అలవాటు. టీలో పాలు ముందా, నీళ్ళు ముందా అన్నదానికీ ఓటే. పాట చివర రికార్డు మీది గీతను గుండ్రంగా మూసేయించారు, ముల్లు అక్కడే తిరుగుతూ ఉండేలా — వినేవాడు లేచొచ్చి ముల్లు ఎత్తేదాకా ఆ ప్రశ్న ఆగకూడదని. చేసినవాళ్ళు చేసినదాన్ని సొంతం చేసుకోకూడదు కాబట్టి బ్యాండువాళ్ళెవరూ ఒక్క కాపీ కూడా ఉంచుకోకూడదన్నారు. అయిదు చేతులూ లేచాయి. అందరికన్నా ముందు లేచింది డెనీస్ చెయ్యి.

ఆ చేతిని ఆమె తర్వాత చాలాసార్లు తిట్టుకుంది. బ్యాండు చెదిరిపోయింది. రికార్డు ఏ కొట్లోనూ దొరకలేదు. పదమూడేళ్ళ కూతురు గెమ్మా అయితే నమ్మనే నమ్మదు.

"నువ్వు డ్రమ్సా? నీ చేతిలో గరిటె తప్ప ఇంకోటి నేను చూళ్ళేదే."

డెనీస్ నవ్వి ఊరుకునేది. ముల్లు మాత్రం లోపలే ఉండేది. బతుకులో తను చేసిన ఒకే ఒక్క పనికి సాక్ష్యం లేకపోతే ఎలా?

ఆ రోజు గురువారం. రికార్డు వెతుక్కుంటూ ఆ రాత్రే బయల్దేరింది, గెమ్మాను వెంటబెట్టుకుని.

వీధి చివర ఒక వ్యాను, దీపాలార్పుకుని నిలబడి ఉంది. వెనక సందులో వంటింటి కిటికీ గడియ, డెనీస్ ఆనాడు విరగ్గొట్టింది విరిగినట్టే ఉంది. చెక్క పక్కకి లాగి దూరారు. చీకటి... తడి గోడల వాసన... నేల అదురుతోంది.

ధడ్, ధడ్... ధధడ్.

"అమ్మా... ఇది నిజంగా నీ గొంతేనా?"

"ఇరవై రెండేళ్ళప్పటిది."

"మరి... కరెంటు లేని ఇంట్లో దీన్ని తిప్పుతున్నదెవరు?"

ఆ సంగతి డెనీస్‌కు అప్పటిదాకా తట్టలేదు.

ముందు గదిలో, చెక్కల సందుల్లోంచి పడే వీధిదీపం వెలుగులో, నేల మీద పెట్టిన ప్లేయరులో రికార్డు దానంతటదే తిరుగుతోంది. డెనీస్ వంగింది. ముల్లు ఎత్తింది.

నిశ్శబ్దం.

అప్పుడు... అటకమీద ఒక చెక్క కిర్రుమంది. ఒక అడుగు. ఇంకో అడుగు. మెట్లు దిగుతోంది — తెల్లగా, పొడుగ్గా, తల చుట్టూ కొమ్ముల్లాంటివేవో... డెనీస్ చేతిలోది వదలకుండానే వెనక్కి గెంతింది. ముల్లు పుటుక్కున విరిగింది.

"ఎవరే ఆపింది?" అంది ఆ ఆకారం.

టార్చి వెలిగింది. రాత్రి గౌను, జుట్టుకు చుట్టుకున్న రోలర్లు, చంకలో వేడినీళ్ళ సంచి — పక్కింటి ముసలమ్మ విన్నీ ఓల్డ్‌రాయిడ్.

"బ్యాండు పిల్లవే కదూ నువ్వు? అటకల మధ్య గోడకి ఇటుకలు తీసేశాం అమ్మాయ్. వైరు నా ఇంట్లోంచే. లోపల మనిషి అలికిడి ఉన్నన్నాళ్ళూ ఓనరు మనుషులు తలుపు ముట్టకూడదు, అది చట్టం. ఈ ఇల్లు పడిందా, మా వరసంతా పడగొడతారు. మీవాళ్ళు పోతూ పోతూ ఒక కాపీ నా చేతిలో పెట్టిపోయారు. ఎవరూ తొంగిచూడకుండా దెయ్యం పేరు మాత్రం మేమే ప్రచారం చేశాం."

టార్చి గోడమీదికి తిప్పింది. వెలిసిపోయిన కాగితం మీద బ్యాండువాళ్ళ కాపలా వంతులు. ఇల్లు ఒక్క రాత్రి కూడా ఖాళీగా ఉండకూడదని రాసుకున్న పట్టిక. గురువారం — డెనీస్.

"డెనీస్ అంటే నువ్వేనా తల్లీ? పదిహేనేళ్ళ నుంచి నీ గురువారాలన్నీ నేనే లాగుతున్నాను."

అంతలో వీధి తలుపు మీద సుత్తి పడింది.

"ఆగిపోయిందిరా," బయట ఒక మగగొంతు. "ఖాళీ. కొట్టు."

విన్నీ రికార్డు వైపు చూసింది. ముల్లు లేదు. ఇంకో దెబ్బ... గడియ వంగింది.

డెనీస్ చుట్టూ వెతికింది. బోర్లించిన రేకు తొట్టి ఒకటి. పొయ్యి దగ్గర రెండు చెక్క గరిటెలు. అంతే —

ధడ్, ధడ్... ధధడ్.

పదిహేనేళ్ళ తుప్పు మూడు దెబ్బల్లో రాలిపోయింది. కప్పునుంచి సున్నం రాలింది. "ఎవరిదీ ఇల్లు?" అంది డెనీస్, గుసగుసగా కాదు ఈసారి. విన్నీ చెప్పులతో నేల తన్నింది. గెమ్మా నోరు తెరిచి తల్లినే చూస్తూ... చూస్తూ... గొంతు కలిపేసింది.

బయట సుత్తి కింద పడింది.

"రేయ్... ఇప్పుడు ముగ్గురున్నార్రా."

వ్యాను వెళ్ళిపోయిన చప్పుడు వినపడ్డాక ముగ్గురూ నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని నేలమీద కూలబడ్డారు.

ఎప్పటికో గెమ్మా లేచి రికార్డు మీద చెయ్యి వేసింది. "అమ్మ ఉంచుకోకూడదు. నేను ఉంచుకోవచ్చు, బ్యాండులో లేనుగా."

"ఇందాక పాడిందెవరమ్మా మరి?" అంది విన్నీ.

గెమ్మా రికార్డు ఎక్కడిదక్కడ పెట్టి, విన్నీ దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని, పట్టికలో తల్లి పేరు పక్కన తన పేరు రాసింది.

కొత్త ముల్లు వచ్చింది. వరస ఇంకా నిలబడే ఉంది. మిగతా రోజుల్లో అదే పాత గొంతు. గురువారాలు మాత్రం రెండు గొంతులు వినిపిస్తాయనీ, ఒకటి మరీ లేతగా ఉంటుందనీ, నలభై ఒకటో నంబరు దెయ్యానికి కూతురు పుట్టిందనీ ట్యాక్సీవాళ్ళు చెప్పుకుంటారు.