ముప్పై ఏడు గిన్నెలు

"రఘుపతిగారూ, నా మీద ఎవరో పగబట్టారు!"

గోదావరిఖని చౌరస్తాలో మేడమీది ఆఫీసులోకి విజయేంద్ర ఒగరుస్తూ వచ్చి కూలబడ్డాడు. మంథనివాడు, రిటైరైన లెక్చరర్. జపాన్ తరహా గాజుపూత మట్టిగిన్నెలు నలభై పోగేశాడని ఊరంతటికీ తెలుసు. తెలియనివాళ్లకు తనే చెబుతాడు. మర్నాడు పెద్దపల్లిలో వాటి ప్రదర్శన. నిన్న భోజనం చేసి లేచేసరికి మూడు గిన్నెలు ముక్కలై ఉన్నాయట.

"పనిమనిషి సారవ్వే! సాయంత్రం పోలీసులకు చెప్తున్నా. మీరు రుజువు చూపండి చాలు."

డిటెక్టివ్ రఘుపతి ఇరవై రెండేళ్లు బొగ్గుగనిలో చేసి ఈ పనిలోకి దిగినవాడు. ఆయన మాట్లాడకుండా లేచాడంటే ఏదో పట్టేస్తాడని అసిస్టెంట్ హర్షిణి నమ్మకం. వెంటే నడిచింది.

మంథనిలో విజయేంద్ర ఇంట్లో సారవ్వ వంటింటి గడపలో ఏడుస్తోంది. "నా మొగడు పోయి ఏడాదైతంది సారూ. ఆయన గని నౌకరి నా కొడుకు భూపాల్‌కు రావాలె. కేసైతే అది ఆగిపోతది."

"నిన్న ఏమన్న చప్పుడు ఇన్నవా అక్కా?" అడిగాడు రఘుపతి.

"గిన్నెలున్న అర్రల టక్కుమని కొట్టుడు, ఆగుడు, మళ్ల కొట్టుడు. చూడవచ్చినోళ్లు పదిమంది తిరుగుతున్నరు. ఎవరో ఏమో."

ఆమె మరిది జైపాల్ నిన్నటి నుంచి వాకిట్లో గిన్నెలకు చెక్కపెట్టెలు చేస్తున్నాడు. గనిలో సర్దార్. షిఫ్టువాళ్లకన్నా ముందు లోపలికి పోయి పైకప్పు పరీక్షించడం అతని డ్యూటీ. "నాకేం తెల్వది సారూ" అన్నాడు తలెత్తకుండా.

గిన్నెలున్న గదిలో రఘుపతి ఒకదాన్ని బోర్లించాడు. అడుగున జపాన్ ముద్ర, పక్కన చాక్‌పీసుతో నిన్నటి తేదీ. పది గిన్నెలు తిప్పాడు. అన్నిటికీ తేదీ ఉంది. పూత అంటనిచోట మట్టి ఎర్రగా ఉంది. పగిలిన పెంకుల్లో మాత్రం మట్టి బూడిదరంగు.

"అన్నీ జపాన్‌వేనా?"

"నలభైకి నలభై!" అన్నాడు విజయేంద్ర ఛాతీ విరుచుకుని.

అందరినీ అక్కడికే పిలిపించాడు రఘుపతి.

"సారవ్వను జైలుకు పంపాలని ఈయన చూస్తున్నాడు. కానీ ఈ పని గనిమనిషిది. సర్దార్ కర్రతో పైకప్పు తడతాడు, చప్పుడు వింటాడు, బాగుంటే చాక్‌పీసుతో తేదీ వేస్తాడు. ఇక్కడా ఒక్కో గిన్నె తట్టి, ఉంచాల్సినదానికి తేదీ వేశారు. నిజానికి తట్టనక్కర్లేదు, చూస్తేనే మట్టి తేడా తెలుస్తుంది. అయినా అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోదు. కదా జైపాల్?"

జైపాల్ లేచి నిలబడ్డాడు. "వదినె మీదికొస్తదనుకోలె. నేనే పలగ్గొట్టిన! మా అన్న బిక్షం డ్యూటీ దిగి, ఈయన షెడ్డుల కూసుండి చేసిన గిన్నెలు గివి. మన ఏటి మట్టి. పూత నూరి నూరి, ఆ దుమ్ముకే పానం పోయింది. ఈయన దవాఖానకు సుత రాలె. పచ్చి మట్టి మీద జపాన్ ముద్ర గుద్దిండు. జపాన్‌వి కొన్నవి మూడే, పలిగినవి గవే. రేపు ప్రదర్శనకు మా అన్నవే పోవాలె, ఈయనది ఒక్కటి పోవద్దని పగబట్టిన!"

హర్షిణి నోరు తెరుచుకుని గిన్నెలవైపు చూసింది.

"విన్నారుగా! పోలీసులను పిలవండి!" విజయేంద్ర ఫోన్ తీశాడు.

"పిలవండి. మూడు గిన్నెలకు జైపాల్ జవాబు చెప్తాడు. ముప్పై ఏడు దొంగముద్రలకు మీరు చెప్పాలి."

ఫోన్ జేబులోకి పోయింది.

సారవ్వ కళ్లు తుడుచుకుంది. ప్రదర్శన కోసం 'జపాన్' అని రాసిపెట్టిన చీటీలను బల్లమీంచి తీసి పరపరా చింపింది.

"నా మొగని పేరు రాయి సారూ" అంది విజయేంద్రతో.

"అలాగే సారవ్వా. పెద్ద బోర్డు మీద రాయిస్తాను."

"బోర్డు గాదు. గిన్నెకొక్కటి. నీ చేత్తోనే."

విజయేంద్ర కూర్చుని రాశాడు. బిక్షం, బిక్షం, బిక్షం. ఇరవయ్యో చీటీ దగ్గర కలం పెట్టేసి వేళ్లు నొక్కుకున్నాడు. సారవ్వ కదల్లేదు.

"చెయ్యి నొస్తుందా సారూ? ఆయనకు సుత నొచ్చేది. రాయి."