పొగాకు బ్యారన్ దగ్గర నాంచారమ్మ

ఒంగోలు వెళ్లే డొంక దారిలో పాడుబడ్డ పొగాకు బ్యారన్, అంటే ఆకు కాల్చే కొట్టం, ఒకటి ఉండేది. చీకటి పడ్డాక కడుపుతో ఉన్న ఆడది అటు పోకూడదనేవాళ్లు. నెలలు నిండిన నాంచారమ్మ ఆ గోడ పక్కనే పడి గిలగిలా కొట్టుకుందట. తెల్లారేసరికి పోయి, దెయ్యమై అక్కడే తిరుగుతోందట. ఆమె పట్టిందంటే మొహం ఉబ్బుతుంది, చూపు పోతుంది, పళ్లు గిట్టకరుస్తాయి... ఆపైన మనిషి దక్కదు.

ఇది బండి తోలిన ఖాదర్ వలి చెప్పగా విన్నాను.

ఆ సాయంత్రం చెంచయ్య, అతని పెళ్లాం పున్నమ్మ మిరప చేలోంచి ఖాదర్ బండిలో ఇంటికి వస్తున్నారు. ఆమెకి ఎనిమిదో నెల. పాదాలు వాచి కడియాలు బిగుసుకుపోయాయి. తల పగిలిపోతోందని పొద్దుట్నించీ అంటూనే ఉంది.

బ్యారన్ దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది.

"మావా... లోపల దీపాలు," అంది మెల్లగా.

మగాళ్లిద్దరూ చూశారు. తలుపు లేని గుమ్మం — లోపల కటిక చీకటి.

"ఏ దీపాలే?"

"బోలెడు... మెరుస్తున్నాయి. నీ మొహం కనపట్టంలేదు—"

మాట ఆగిపోయింది. ఒళ్లంతా కర్రలా బిగిసింది. నోట్లోంచి నెత్తురు నురగ. బండి చెక్కలు దడదడా కొట్టుకున్నాయి.

"పట్టేసింది... భూతవైద్యుడి దగ్గరికి పోనీయ్..." అన్నాడు చెంచయ్య.

"నాంచారమ్మనీ వాడి దగ్గరికే తీసుకుపోయార్రా," అన్నాడు ఖాదర్ వలి. బండి ఒంగోలు వైపు తిప్పాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి చూసింది. గొట్టం వేసి మూత్రం తీస్తే కాసిని చుక్కలే — డికాక్షన్ రంగులో.

"దెయ్యం కాదయ్యా, రక్తపోటు. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి ఇలా పెరిగిపోతుంది. ఆ మెరుపులూ, ఫిట్సూ దానివే. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. ఎన్నాళ్లనించి ఈ వాపు?"

"నెల అయిందండి... నీరు పట్టిందిలే, కాన్పయితే పోతుంది అన్నారండి ఊళ్లో," అన్నాడు చెంచయ్య.

తెల్లారకముందే బిడ్డ పుట్టింది. ఏడవలేదు. చెంచయ్య తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లాడు. ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. అతనూ ఏడవలేదు.

పున్నమ్మకి తెలివొచ్చింది. పక్కన తడిమి చూసుకుంది. మూత్రం మాత్రం రాలేదు. తాగే నీళ్లు కూడా కొలిచి ఇచ్చేవాళ్లు. మంచం కింద మూత్రం పట్టే సీసా రోజూ ఖాళీ... డాక్టరమ్మ వంగి చూసి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయేది.

ఒక పొద్దున సీసా అడుగు తడిసింది. మర్నాటికి సగం నిండింది.

"బతికావమ్మా," అంది డాక్టరమ్మ. "మూత్రపిండాలు మళ్లీ పని మొదలెట్టాయి."

చెంచయ్య దణ్ణం పెట్టాడు. పున్నమ్మ కిందికి చూసుకుంది. రవిక ముందంతా పాలతో తడిసిపోయి ఉంది.

కొంగు లాక్కుని కప్పుకుంది... గోడవైపు తిరిగి పడుకుంది.