మర్యాదగా పిలిచిన గొంతు

నోలా, ఆర్విడ్‌ల ఇల్లుబండి ఎంత పొడవంటే, ముందు చక్రాలు యూటాలోకి వచ్చినా వెనక చక్రాలు ఇంకా అరిజోనాలోనే ఈడ్చుకుంటూ ఉండేవి. మంచం, పొయ్యి, స్నానాల గది, కాపురంలో మిగిలిన పోట్లాటలు, అన్నీ అందులోనే. ఉద్యోగాలు మానేశాక ఆ మొగుడూ పెళ్ళాం ఎర్రరాళ్ల లోయల వెంట తిరుగుతూ బతికేవారు.

నడిపేది నోలా. దిగి, వెనక నిలబడి, వాకీటాకీలో దారి చెప్పేది ఆర్విడ్. అంత బండిని వెనక్కి పోనిచ్చేటప్పుడు నడిపేవాళ్లకి వెనక ఏముందో కనపడి చావదు. అందుకని ఇల్లుబండ్ల వాళ్లందరిదీ ఒకటే నియమం. వెనకున్నవాళ్లు రమ్మంటే రావాలి, ఆగమంటే ఆగాలి. ఎదురు మాట్లాడకూడదు.

ఆర్విడ్ దారి చెప్పడమంటే తిట్టడమే. "రావే ముసలి గాడిదా, కుడికి తిప్పు. కుడి ఏదో కూడా మరిచిపోయావా?" అనేవాడు. ఆ తిట్లకి లోయలో గద్దలు కూడా గూళ్లు మార్చుకున్నాయి.

ఆ సాయంత్రం లోయ అంచున ఆపుదామన్నాడు ఆర్విడ్. మంచం పక్క కిటికీ లోయవైపు ఉంటే, తెల్లారగానే, లేవకుండా ఎర్రకొండలు చూడొచ్చని అతని ఆశ. ఆ లోయ ఎంత లోతంటే, నోలా తాత చిన్నప్పుడు విసిరిన రాయి ఇంకా కిందికి చేరలేదు.

పొద్దు గుంకుతోంది. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. జూనిపర్ పొదల ఘాటు వాసన, దాని వెనకే తడిమట్టి వాసన. ఆ నేల వాన మొహం చూసి ఎన్నాళ్లయిందో! ఆర్విడ్ దిగాడు. ఎర్రదుమ్ము అప్పటికే బండి పక్క అద్దాలను కప్పేసింది.

వాకీటాకీ గరగరమంది.

"రా..."

నోలా వెనక గేరు వేసింది.

"రా నోలా... ఇంకా చోటుంది."

బండి కదిలింది. అల్మరాలో గిన్నెలు సన్నగా మోగాయి.

"రా బంగారం... మెల్లగా... ఎంత చక్కగా నడుపుతున్నావు..."

ఆర్విడ్ గొంతే. ఆ బొంగురు అదే.

చక్కగా నడుపుతున్నావా? పెళ్ళినాడు పాస్టరు ముందు కూడా ఆర్విడ్ ఇంత మర్యాదగా మాట్లాడలేదు. నోలా కాలు బ్రేకు మీద పడింది.

"రా నోలా... ఎందుకాగావు?"

అప్పుడు కనపడ్డాడు ఆర్విడ్. బండి ముందు. ఒంటేలుకని పొదల చాటుకి వెళ్లినవాడు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. అతని వాకీటాకీ వంటగట్టు మీదే ఉంది. బ్యాటరీలు ఊడదీసి.

వెనక చక్రాలకీ అంచుకీ మధ్య పిల్లి కూడా పట్టదు.

నోలా రెండు వాకీటాకీలూ లోయలోకి విసిరేసింది. చప్పుడు రాలేదు.

"నీ నోటి దురదే నన్ను బతికించిందయ్యా," అంది నవ్వుతూ. ఇకమీదట తిట్టు వినపడకపోతే బండి అంగుళం కూడా కదపకూడదని ఇద్దరూ ఆ అంచునే ఒట్టు పెట్టుకున్నారు. దున్నపోతా అని తిడితే పిలిచేది తాను, గాడిదా అని తిడితే పిలిచేది ఆర్విడ్ అని నోలా గట్టిగా అరిచి మరీ చెప్పింది. లోయ వాళ్ల మాటలు తిరిగి పలికింది. దున్నపోతా... దున్నపోతా...

వాళ్లు మాట్లాడడం మానేశాక, ఇంకోసారి పలికింది.

మర్నాడు నోలా స్టీరింగు ముట్టనంది. ఆర్విడే నడిపాడు. సాయంత్రానికి, అంచుల జోలికి పోవద్దని, మూడువైపులా రాతిగోడలున్న ఓ కొండ గూడు చూసుకున్నారు. నోలా దిగి వెనక గోడ దగ్గర నిలబడింది. ఆమె కేక కోసం ఆర్విడ్ కిటికీ అద్దం దించాడు.

గాలి ఆగింది.

తడిమట్టి వాసన...

"రావయ్యా దున్నపోతా..."

ఆ మాట డ్రైవరు కిటికీ కింద నుంచి వచ్చింది. నోలా గొంతే. ఆ దగ్గు, ఆ ఎకసెక్కెం, అన్నీ.

"నీ బొజ్జకి చాలదేమో గానీ, బండికి బోలెడు చోటుంది. రా..."

ఆర్విడ్ నవ్వు వినపడింది. వెనక దీపాలు తెల్లగా వెలిగాయి. బండి కదిలింది.

నోలా వీపు రాతికి తగిలింది. ఒంట్లో బలమంతా కూడదీసుకుని అరిచింది.

ఊపిరి వచ్చింది. గొంతు రాలేదు.

అది అక్కడ... కిటికీ కింద... ముద్దుగా తిడుతూనే ఉంది.