గడ్డకట్టని రక్తం

ఆ సాయంత్రం ఒకటే వాన. నేను మిషన్ మీద దిండు గలీబులు కుడుతున్నాను. మా అత్తయ్య మంచం మీద నడుం వాల్చింది. మా కుక్క బొండాం తలుపు దగ్గర ముడుచుకుని పడుకుంది.

కరెంటు పోయింది. కొవ్వొత్తి కోసం లేచాను. పాదం కింద ఏదో జిగటగా తగిలింది. వాన నీళ్లేమో అనుకున్నాను. కానీ గోరువెచ్చగా ఉంది. వేళ్ల సందుల్లోకి దిగుతోంది. తుప్పు వాసన... అందులో ఏదో కుళ్లిన వాసన.

వెలిగించి చూశాను. బొండాం ముక్కులోంచి రక్తం. చుక్క... చుక్క.

"వేడి చేసుంటుందిలే. పొద్దున చూద్దాం" అంది అత్తయ్య, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"దెబ్బ లేదు, ఏమీ లేదు. ఊరికే ఎందుకు కారుతుంది అత్తయ్యా?"

దాని పెదవి పైకెత్తాను. చిగుళ్లు సుద్దముక్కలా పాలిపోయాయి. పళ్ల సందుల్లో నల్లటి జిగురు. పొట్ట మీద కమిలిన పండు తొక్కలా ఊదా మచ్చలు.

పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"గాయం లేకుండా రక్తం వస్తోందంటే లోపల కూడా కారుతూ ఉండొచ్చు. పొద్దుటిదాకా ఆగొద్దు. మీ మాత్రలేవీ మింగించకండి. కుదపకుండా ఇప్పుడే తీసుకురండి" అంది.

దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాను. అడుగు తీసి అడుగు వేసేలోపే దుప్పటి తడిసి నా చేతికి అంటుకుపోయింది.

"నువ్వు పోవే, నేల నేను కడుగుతాలే" అని అత్తయ్య నా వెనకే గడియ పెట్టుకుంది.

ఆస్పత్రి బల్ల మీద పడుకోబెట్టగానే బొండాం కక్కింది. నల్లటి ముద్దలు. వాటి మధ్య సగం అరిగిన ఎలుక తోక, ఇంకా వెంట్రుకలతో. నేను గోడవైపు తిరిగి వాంతి చేసుకున్నాను.

"మందు తిన్న ఎలుకల్ని కొన్నాళ్లుగా తింటున్నట్టుంది. రక్తం గడ్డకట్టడం మానేసింది" అంటూ డాక్టరమ్మ సూది వేసింది, రక్తం ఎక్కించింది. చాలాసేపటికి ఆవిడ ముఖం తేటపడింది. "మంచి టైముకి తెచ్చావమ్మా. పొద్దునైతే దక్కేది కాదు."

బొండాన్ని పట్టుకుని చేతులు ఖాళీ లేక, అత్తయ్యకి ఫోన్ కలిపి బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేశాను.

"బతికింది అత్తయ్యా!"

అవతలినుంచి గుసగుసగా...

"అమ్మాయ్... దాన్ని ఇంటికి పంపించేశావా?"

"లేదే. ఇక్కడే, నా ముందే ఉంది."

"మరి... మంచం కింద ఎవరే? నేలంతా నాకేస్తున్నారు..."

"అత్తయ్యా, బయటికి వచ్చెయ్యండి!"

ఒక చప్పుడు. తడి నాలుక నేల మీద ఈడ్చుకుంటున్న చప్పుడు. డాక్టరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

తల ఎత్తే ఓపిక కూడా లేని బొండాం చెవులు రిక్కించింది. వణుకుతూ పాకి, నా చంకలోకి దూరింది. బల్ల మీదంతా ఉచ్చ.

"అత్తయ్యా..."

చప్పుడు ఆగింది.

మళ్లీ మొదలైంది. ఈసారి అత్తయ్య ఫోన్ మీదే.