ఒక్క గొంతు ఆర్గ్యుమెంట్

అల్లుడు అత్తగారి బ్యాగు సర్దుతున్నాడు.

మధ్యాహ్నం బండికి ఆమె కూతుర్ని వెతుక్కుంటూ బయల్దేరుతోంది. కూతురు స్నేహితురాలి ఊరికే వెళ్లి ఉంటుందని చెప్పింది ఈ అల్లుడే.

వాళ్లది లాండ్రీ. ఇస్త్రీ బల్ల, బట్టల దొంతరలు. వెనక గది తలుపుకి కొత్త తాళం.

కౌంటర్ దగ్గర నిలబడి ఇన్‌స్పెక్టర్ అతని చేతులే చూస్తోంది. మడత మడతకీ మధ్య ఒక తెల్ల కాగితం. చేతులకి అలవాటైన పని.

"నువ్వు నయం నాయనా," అంది అత్తగారు. "మా అమ్మాయైతే ఉండచుట్టి కుక్కేది. ఎన్నిసార్లు తిట్టానో!"

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగింది.

"మంగళవారం మీ భార్య ఎందుకు వెళ్లిపోయింది?"

"చిన్న ఆర్గ్యుమెంట్, మేడమ్."

"అంటే? పోట్లాటా?"

"అబ్బే, అంత మాటెందుకు! ఆర్గ్యుమెంటే."

ఆ మాట ఆమె స్టేషన్లో రోజూ వింటుంది. పళ్లు రాలినా ఆర్గ్యుమెంటే. తలుపులు విరిగినా ఆర్గ్యుమెంటే. ఇంట్లో జరిగింది తెలుగులో చెప్పడానికి నోరు రాని వాళ్లకి అది ఉతికి పరిచిన దుప్పటి. కింద ఏముందో కనపడదు.

"తర్వాత?"

"కోపంగా దొరికినవి దొరికినట్టు బ్యాగులో కుక్కుకుంది. పోయింది."

"మీరు సర్దిపెట్టలేదా?"

"దగ్గరికి రానిస్తేగా! ఆ బ్యాగు నేను ముట్టుకోలేదు."

పక్క షాపు దర్జీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మీరేం విన్నారు?"

"పరాయి సంసారం నాకెందుకు మేడమ్! కానీ మిషన్ ఆపితే చెవులు మూసుకోలేంగా. ఇతను అరిచాడు."

"ఆవిడ?"

"ఆవిడ గొంతు వినపళ్లేదు. కాసేపటికి ఇతనూ ఆపేశాడు."

"నోర్ముయ్!" అల్లుడు దర్జీ మీద విరుచుకుపడ్డాడు. "నా షాపు మీద కన్నేసింది చాలక..."

"ఆర్గ్యుమెంట్ అంటే ఇద్దరూ మాట్లాడాలి," అంది ఇన్‌స్పెక్టర్. "ఒక్కడే అరిస్తే దానికి వేరే పేరుంది."

కానిస్టేబుల్ ఎర్ర బ్యాగొకటి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"మా అమ్మాయిదే!" అత్తగారి మొహం వెలిగింది. "ఎక్కడుందమ్మా అది?"

"బ్యాగు రైల్వే క్లోక్‌రూమ్‌లో దొరికిందమ్మా. బ్యాగు ఒక్కటే."

ఇన్‌స్పెక్టర్ జిప్పు లాగింది. ఒక్క బట్టా నలగలేదు. మడత మడతకీ మధ్య తెల్ల కాగితం.

పక్కనే అత్తగారి బ్యాగు తెరిచే ఉంది. లోపల అవే మడతలు. అవే కాగితాలు.

అల్లుడు తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఉండచుట్టే మనిషి, అదీ కోపంలో, ఇంత ముచ్చటగా సర్దుకుందా?" అంది ఇన్‌స్పెక్టర్. "అబద్ధం నీ నోరు చెప్పింది. చేతులకి నేర్పడం మర్చిపోయావు. వెనక గది తాళం చెవి ఇవ్వు."

అతను జేబులో చెయ్యి పెట్టాడు. కళ్లు ఎత్తలేదు.

అత్తగారు తన బ్యాగులోంచి కాగితాలు ఒక్కొక్కటీ తీసి కౌంటర్ మీద పెట్టసాగింది. అవి అయ్యేదాకా ఎవరూ ఆమెని ఆపలేదు.

ఆమె ఎక్కాల్సిన బండి వెళ్లిపోయింది. కూతురు అసలు ఏ బండీ ఎక్కలేదు. మంగళవారం సాయంత్రం వెనక గదిలోకి వెళ్లింది. తిరిగి రాలేదు.